దాచిన చేతులు, చెరిపిన చేతులు: ఎమిలీ డికిన్‌సన్ కుటుంబ లేఖలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ (1830–1886) లేఖలకు క్రొత్త సంపుటము 2024లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము నుండి వెలువడింది. దాని సంపాదకులు క్రిస్టాన్ మిల్లర్, డోనల్ మిచెల్. అందులో 1,304 లేఖలున్నవి. అంతకుముందు ప్రామాణికముగా నిలిచినది థామస్ జాన్సన్, థియోడోరా వార్డ్ 1958లో మూడు సంపుటములుగా ప్రచురించిన కూర్పు. అందులో 1,049 లేఖలు ఉండేవి. ఈ రెండు సంఖ్యల మధ్యనున్న తేడా పండితుల శ్రమను చూపుతుంది. అయితే ఈ లేఖలన్నీ పండితుల చేతికి రాకముందు ఒక కుటుంబము చేతిలో, ఆ కుటుంబపు స్నేహితుల చేతిలో, ఆ కుటుంబపు తగాదాల మధ్య ఉండినవి. వాటిని దాచినవారున్నారు, కాల్చినవారున్నారు, కత్తిరించినవారున్నారు, పేర్లు చెరిపినవారున్నారు.

ఎమిలీని గూర్చి క్రైస్తవ పాఠకులు సాధారణముగా రెండు తీర్పులు ఇస్తారు. ఆమె సంఘమును విడిచిపెట్టిన అవిశ్వాసి అని కొందరు, లోకమునకు తెలియని మరుగైన భక్తురాలు అని మరికొందరు. ఈ రెండు తీర్పులకూ ఆధారము ఆ లేఖలే. కనుక ఆమె విశ్వాసమును గూర్చి అడుగుటకు ముందు, ఆ లేఖలు ఎవరి చేతుల మీదుగా మనవరకు వచ్చినవో అడుగవలెను. ఈ వ్యాసములో మొదట ఆ చేతులను పరిశీలించి, తరువాత లేఖలలోని సాక్ష్యమును చూచి, చివరకు కాపరులమైన మనకు ఇందులో ఉన్న హెచ్చరికను గమనిద్దాం.

1. కుటుంబము, సంఘము, ఆమె స్థానము

ఎమిలీ 1830 డిసెంబరు 10న మసాచుసెట్స్ రాష్ట్రములోని ఆమ్‌హర్స్ట్ పట్టణములో జన్మించింది. తండ్రి ఎడ్వర్డ్ న్యాయవాది, ఆమ్‌హర్స్ట్ కళాశాల కోశాధికారి, ఒక పర్యాయము అమెరికా కాంగ్రెసు సభ్యుడు. అన్న ఆస్టిన్, చెల్లెలు లవీనియా. ఆస్టిన్ 1856లో సూసన్ గిల్బర్ట్‌ను వివాహము చేసికొన్నాడు. పెండ్లి కాకముందే సూసన్ ఎమిలీకి ప్రాణస్నేహితురాలు. క్రొత్త దంపతుల ఇల్లు తండ్రి ఇంటి ప్రక్కనే, అదే ఆవరణలో కట్టబడింది. ఒక ఇంటినుండి మరియొక ఇంటికి ఒక చిన్న కాలిబాట. ఈ వ్యాసమంతటిలో ఆ కాలిబాటను మనస్సులో ఉంచుకొనవలెను.

అది ఉజ్జీవముల కాలము. 1847–48లో ఎమిలీ చదివిన మౌంట్ హోల్యోక్ బాలికా విద్యాలయములో స్థాపకురాలు మేరీ లయన్ పర్యవేక్షణలో విద్యార్థినులను మూడు తరగతులుగా లెక్కించేవారు: విశ్వాసమును ఒప్పుకొన్నవారు, నిరీక్షణ కలిగినవారు, నిరీక్షణ లేనివారు. ఎమిలీ పేరు మూడవ తరగతిలోనే ఉండిపోయింది. 1850లో ఆమ్‌హర్స్ట్‌లో వచ్చిన ఉజ్జీవములో తండ్రి ఎడ్వర్డ్, చెల్లెలు లవీనియా, స్నేహితురాలు సూసన్ ఒప్పుకోలు చేసి సంఘములో చేరారు. ఆస్టిన్ 1856లో చేరాడు. ఎమిలీ ఎన్నడూ చేరలేదు. ముప్పదియేండ్లు దాటిన తరువాత క్రమముగా ఆలయమునకు వెళ్ళుట మానివేసింది, ఇల్లు దాటి బయటికి వచ్చుటయు మానివేసింది. మిగిలిన జీవితము ఎక్కువగా ఉత్తరముల ద్వారానే సాగింది.

ఇంటివారందరూ సంఘములో ఉండగా ఒక్కరు మాత్రము వెలుపల ఉండుట ఎటువంటి నొప్పియో మన సంఘములలోని అనేక కుటుంబములకు తెలుసు. ఆ నొప్పి ఇరువైపులా ఉంటుంది.

2. మంట: లవీనియా కాల్చినవి

ఎమిలీ 1886 మే 15న మరణించింది. ఆనాటి ఆచారము చొప్పున, అక్క కోరినట్లుగా, ఆమెకు వచ్చిన ఉత్తరములను లవీనియా కాల్చివేసింది. అందువలన మనకు మిగిలినది సంభాషణలో ఒక సగమే. ఎమిలీ ఏమి అడిగినదో చాలావరకు తెలుసు, ఎదుటివారు ఏమి జవాబు చెప్పారో చాలావరకు తెలియదు. పౌలు పత్రికలను బోధించువారికి ఈ స్థితి క్రొత్త కాదు. కొరింథు సంఘము పౌలుకు వ్రాసిన ఉత్తరము మనకు లేదు, జవాబు మాత్రమే ఉన్నది. జవాబునుబట్టి ప్రశ్నను ఊహించుచున్నాము.

ఉత్తరములను కాల్చిన తరువాత లవీనియా తెరిచిన పెట్టెలో ఎవరూ ఊహించనిది కనబడింది. అక్క స్వహస్తముతో వ్రాసి, దారముతో కుట్టిన నలుబది చిన్న పుస్తకములు, ఇంకా విడి కాగితములు. మొత్తము కలిపి దాదాపు 1,800 కవితలు. బ్రతికియుండగా అచ్చయినవి పది మాత్రమే అటు ఇటుగా. కవితలను కాల్చుమని అక్క చెప్పలేదు గనుక లవీనియా కాల్చలేదు. అక్కడితో ఆగక, అవి అచ్చు కావలెనని పట్టుపట్టింది. ఆమె విద్వాంసురాలు కాదు. కాని ఆ పట్టుదల లేకపోతే ఈనాడు ఎమిలీ డికిన్‌సన్ అనే కవయిత్రి లోకమునకు తెలిసేది కాదు.

కాగితములతోపాటు మరికొన్ని జ్ఞాపకములు మిగిలినవి. బాల్యములో ఎమిలీ పూవులను, ఆకులను ఒత్తి అతికించిన పుస్తకములో 424 నమూనాలున్నవి. అది, తండ్రి ఆమెకిచ్చిన బైబిలు, ఆమె వ్రాసికొనిన చిన్న బల్ల హార్వర్డ్‌లోని హౌటన్ గ్రంథాలయములో ఉన్నవి. పదహారేండ్ల ప్రాయపు ఛాయాచిత్రము ఆమ్‌హర్స్ట్ కళాశాలలో ఉన్నది. ఒక స్నేహితురాలికి పంపిన జుట్టు పాయ, ఒక తెల్లని దుస్తు కూడా నిలిచినవి. చివరి సంవత్సరములలో ఆమె చింపిన కవరుల లోపలి వైపున, చాక్లెట్ చుట్టిన కాగితముపైన, వంట విధానము వ్రాసిన కాగితము వెనుక కవితలు వ్రాసింది. వేరొక ఇంటిలోనైతే అవి చెత్తబుట్టలోకి వెళ్ళేవి.

3. రెండు ఇండ్లు, రెండు పెట్టెలు

ఇంత ప్రేమతో మొదలైన పని త్వరలోనే కలహముగా మారింది. లవీనియా మొదట కవితలను వదినె సూసన్‌కు ఇచ్చింది. ఆమె ఆలస్యము చేయుచున్నదని భావించి, తిరిగి తీసికొని మేబెల్ లూమిస్ టాడ్‌కు ఇచ్చింది. టాడ్ ఆమ్‌హర్స్ట్ కళాశాల ఖగోళశాస్త్ర అధ్యాపకుని భార్య. ఆమెకూ ఆస్టిన్‌కూ మధ్య 1882 నుండి వివాహమునకు వెలుపలి సంబంధము ఉండినది. ఆ సంగతి ఊరిలో చాలమందికి తెలుసు. అనగా ఎమిలీ కాగితములు ఏ స్త్రీ గృహము ఛిద్రమగుచున్నదో ఆమె చేతినుండి, ఆ ఛిద్రమునకు కారణమైన స్త్రీ చేతికి వెళ్ళినవి.

టాడ్ శ్రమను తక్కువ చేయరాదు. అర్థము కాని చేతివ్రాతను విప్పి, థామస్ హిగ్గిన్‌సన్‌తో కలిసి 1890లో మొదటి కవితా సంపుటమును, 1894లో రెండు సంపుటముల లేఖలను ప్రచురించింది. అనేకులను అడిగి, తిరిగి, ఉత్తరములను సేకరించింది. ఆమె అడుగకపోతే కొన్ని శాశ్వతముగా నశించేవి. అయితే ఎమిలీ అందరికంటె ఎక్కువగా వ్రాసినది సూసన్‌కే. 1894 సంపుటములలో సూసన్‌కు వ్రాసిన లేఖలు లేవు.

1895లో ఆస్టిన్ మరణించాడు. ఒక చిన్న స్థలము విషయమై లవీనియా టాడ్ దంపతులమీద వ్యాజ్యము వేసి 1898లో గెలిచింది. దానితో టాడ్ తనయొద్దనున్న కాగితములను పెట్టెలో పెట్టి తాళము వేసింది. ముప్పది సంవత్సరములు ఆ పెట్టె తెరువబడలేదు. అందులోని 600కు పైగా కవితలు 1945లో గాని వెలుగు చూడలేదు. కాలిబాటకు అవతలి ఇంటిలో సూసన్ యొద్ద మరొక పెట్టె ఉండినది. 1913లో సూసన్ మరణించిన తరువాత కుమార్తె మార్తా డికిన్‌సన్ బియాంకి అందులోనివాటిని 1914 నుండి కొంచెము కొంచెముగా ప్రచురించింది. చివరకు ఒక పెట్టె 1950లో హార్వర్డ్‌కు, మరొకటి 1956లో ఆమ్‌హర్స్ట్ కళాశాలకు చేరినవి. ఒకే చేతితో వ్రాసిన కాగితములు నేటికీ రెండు చోట్ల ఉన్నవి. కుటుంబపు చీలిక గ్రంథాలయములలో కూడ నిలిచిపోయింది.

4. కత్తెర: చెరిపిన పేరు

ఈ కథలో మనలను ఎక్కువగా ఆపవలసిన సంగతి ఇది. 1850 దశకములో ఎమిలీ అన్న ఆస్టిన్‌కు వ్రాసిన ఉత్తరములలో సూసన్‌ను గూర్చిన ప్రేమగల మాటలు అనేకము ఉండినవి. ఆ ఉత్తరములలో కొన్నింటిలో సూసన్ ప్రస్తావన గీకివేయబడి ఉన్నది, కొన్నింటిలో కాగితమే కత్తెరతో కత్తిరించబడి ఉన్నది. సూసన్‌ను సహోదరిగా చెప్పుకొనిన ఒక కవిత ప్రతిపై సిరాతో పంక్తి వెంబడి పంక్తి కొట్టివేయబడింది. ఇది ఎవరి చేయి? ఆస్టిన్ అని కొందరు, టాడ్ అని కొందరు పండితులు వాదించుచున్నారు. చేయి ఎవరిదైనను ఉద్దేశము స్పష్టము. ఎమిలీ జీవితములో సూసన్ లేనట్లుగా రాబోవు పాఠకులు నమ్మవలెను.

ఆ ప్రయత్నము దాదాపు వంద సంవత్సరములు ఫలించింది. 1998లో ఎలెన్ లూయిస్ హార్ట్, మార్తా నెల్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకురాండ్రు ఎమిలీ సూసన్‌కు వ్రాసినవాటిని ఒకచోట చేర్చి ప్రచురించిన తరువాతనే సాధారణ పాఠకులకు ఆ బంధము యొక్క పరిమాణము తెలిసింది. ఆమె కాలిబాట మీదుగా సూసన్‌కు పంపిన కవితలు 250కి పైగా ఉన్నవి.

ఇక్కడ లవీనియా మంటకూ ఈ కత్తెరకూ భేదమును గమనించవలెను. కాల్చివేయుట మౌనము. కాల్చినవారు ఏమియు చెప్పరు, పాఠకునికి ఒక ఖాళీ కనబడుతుంది, ఆ ఖాళీని అతడు ఖాళీగానే చూస్తాడు. చెరిపివేసి మిగిలినదానిని ముందుంచుట మౌనము కాదు, అది ఒక మాట. అది జరిగినదానిని జరుగలేదని చెప్పే మాట. ప్రేమ అనేక పాపములను కప్పునని పేతురు బోధించాడు (1 పేతురు 4:8). కాని ఆ కప్పుట తప్పు చేసినవానిని కాపాడుటకే గాని, తప్పు చేయనివారిని కథలోనుండి తొలగించుటకు కాదు. చనిపోయినవారి నోట లేని మాటను పెట్టుట ఎట్లు అబద్ధ సాక్ష్యమో, ఉన్న మాటను తీసివేయుట కూడ అట్టిదే. తొమ్మిదవ ఆజ్ఞ మృతుల విషయములో కూడ వర్తిస్తుంది.

ఎదుటి ఇంటివారు నిర్దోషులని చెప్పుట నా ఉద్దేశము కాదు. మార్తా బియాంకి 1924లో వ్రాసిన జీవితచరిత్రలో మేనత్త ఏకాంతమునకు కారణముగా ఫిలడెల్ఫియాకు చెందిన ఒక కాపరిపై విఫలమైన ప్రేమ అనే కథను చెప్పింది. ఆ కథ పాఠకులకు ఎంతో ఇష్టమైనది, ఆధారము మాత్రము బలహీనమైనది. ఒక ఇంటివారు పేరును చెరిపారు, మరియొక ఇంటివారు కథను చేర్చారు. తన తరువాత ఆ ఇల్లు పరుల చేతికి పోకుండ పడగొట్టవలెనని మార్తా వీలునామాలో కోరింది. అది నెరవేరలేదు. 2003 నుండి రెండు ఇండ్లు కలిసి ఒకే ప్రదర్శనశాలగా ఉన్నవి.

5. ఎంపిక: నార్‌క్రాస్ సహోదరీలు

మూడవ విధమైన చేతులు లూయిస్, ఫ్రాన్సెస్ నార్‌క్రాస్ అనే ఇద్దరు పినతల్లి కుమార్తెలవి. వయస్సులో చిన్నవారైన ఈ ఇద్దరు తల్లిదండ్రులను త్వరగా కోల్పోయారు. ఎమిలీ వారికి అక్కవలె, ఒక్కొక్కసారి తల్లివలె వ్రాసింది. టాడ్ అడిగినప్పుడు వారు అసలు ఉత్తరములను చూపుటకు ఒప్పుకొనలేదు. తమకు తగినవని తోచిన భాగములను తామే నకలు వ్రాసి ఇచ్చారు. మూల ప్రతులు తరువాత దొరకలేదు. మరణమునకు ముందు, 1886 మే నెలలో, ఎమిలీ వారికే ఒక ఉత్తరము వ్రాసింది. తాను తిరిగి పిలువబడుచున్నదని తెలిపే రెండు మాటలకంటె అందులో ఎక్కువ లేదు. ఆ రెండు మాటలే తరువాత ఆమె సమాధిరాతిపై చెక్కబడినవి.

పరిశోధకులు ఈ సహోదరీలను నిందించుట కద్దు. నేను అంత త్వరపడను. వారు ఇచ్చినది భాగమేనని దాచలేదు. తమ దుఃఖములో తమకు మాత్రమే వ్రాయబడిన మాటలను లోకమునకు ఇయ్యకుండుటకు వారికి హక్కున్నది. ఆదరణ కొరకు వ్రాసిన ఉత్తరము అందరి సొత్తు కాదు. కాపరియొద్ద విశ్వాసి చెప్పుకొనిన మాటకు ఉన్న మర్యాదయే దీనికీ ఉన్నది. అయినను నష్టము నష్టమే. అత్యంత మృదువైన ఎమిలీని మనము నకలు ద్వారా మాత్రమే ఎరుగుదుము.

6. లేఖలలో కనబడు విశ్వాసము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఎమిలీ ఏమి నమ్మింది?

స్నేహితురాలు అబయా రూట్‌కు వ్రాసిన యౌవన కాలపు ఉత్తరములలో, ఒకప్పుడు రక్షకుని కనుగొన్నానని తోచి కొద్దికాలము సమాధానము అనుభవించానని, అది నిలువలేదని ఆమె చెప్పుకొన్నది. 1848 మే నెలలో, విద్యాలయములో అందరూ పొందుచున్న అవసరమైన ఒక్కదానిని తాను నిర్లక్ష్యపెట్టినందుకు విచారించింది. లోకమును విడుచుట తనకు కష్టమని ఒప్పుకొన్నది. 1850లో క్రీస్తు ఇక్కడ అందరినీ పిలుచుచుండగా తాను ఒంటరిగా తిరుగుబాటులో నిలిచియున్నానని వ్రాసింది. ఇవి పిలుపును విననివాని మాటలు కావు. పిలుపును స్పష్టముగా విని, తన హృదయములో లేనిదానిని పెదవులతో ఒప్పుకొనలేని వ్యక్తి మాటలు. నిరీక్షణ లేనివారి జాబితాలో ఆమె పేరు వ్రాసినవారికి ఈ భేదము కనబడలేదు. మూడు తరగతుల లెక్కలో ఆ భేదమునకు చోటు లేదు.

1862లో హిగ్గిన్‌సన్‌కు తన ఇంటివారిని గూర్చి చెప్పుచు, తాను తప్ప అందరూ భక్తిపరులని, వారు ప్రతి ఉదయము గ్రహణమువలె కనబడని ఒకరిని తండ్రియని పిలిచి ప్రార్థింతురని వ్రాసింది. ఈ మాటలో ఎగతాళి ఉన్నది. అయితే ఎగతాళి మాత్రమే వినువారు గ్రహణమనే పోలికను సరిగా చదువలేదని నా అభిప్రాయము. గ్రహణములో సూర్యుడు లేకపోడు, మరుగుపడతాడు. యెషయా ప్రవక్త కూడ మరుగుపడిన దేవుని గూర్చి చెప్పాడు (యెషయా 45:15).

ఆమె ఆలయమునకు వెళ్ళుట మానింది గాని బైబిలును మానలేదు. ఆమె లేఖలలో అన్నిటికంటె ఎక్కువగా ప్రస్తావింపబడిన గ్రంథము అదే. తల్లి పక్షవాతముతో మంచము పట్టిన తరువాత ఏడు సంవత్సరములు కుమార్తెలే సేవ చేశారు. తల్లి తల్లిగా ఉన్నప్పుడు తమకు దగ్గర కాలేదని, ఆమె తమ బిడ్డగా మారిన తరువాతనే ప్రేమ కలిగినదని 1882లో ఆమె మరణించినప్పుడు ఎమిలీ వ్రాసింది. సేవ ద్వారా ప్రేమను నేర్చుకొనిన ఈ ఒప్పుకోలు అనేక సాక్ష్యములకంటె నిజాయితీగలది.

1883 అక్టోబరులో ఆస్టిన్, సూసన్‌ల చిన్న కుమారుడు గిల్బర్ట్ ఎనిమిదేండ్ల ప్రాయములో విషజ్వరముతో చనిపోయాడు. అనేక సంవత్సరములుగా కాలిబాట దాటని ఎమిలీ ఆ రాత్రి దాటి వెళ్ళింది. తరువాత సూసన్‌కు వ్రాసిన ఉత్తరములో దేవుని చిత్తమును గూర్చిన వివరణ లేదు. బిడ్డ జీవితము సగములో ఆగినదని ఆమె ఒప్పుకొనదు. అది మొదటినుండి నిండుగానే ఉన్నదని చంద్రుని పోలికతో చెప్పుతుంది. ఎలిజబెత్ హాలండ్ అనే స్నేహితురాలికి వ్రాయుచు మరొక సంగతి తెలిపింది. జ్వర తీవ్రతలో బిడ్డ తలుపు తెరువుమని, తనకొరకు వారు కనిపెట్టుకొని ఉన్నారని అన్నాడట. కనిపెట్టినవారు ఎవరో తెలిసికొనుటకు తమకున్నదంతయు ఇచ్చెదమని ఎమిలీ వ్రాసింది.

ఈ మాటను ఒక ప్రసంగములో వాడవలెనంటే, వారు దేవదూతలేనని ముగించుటకు మనకు ఆశ కలుగుతుంది. ఎమిలీ అట్లు ముగించలేదు. లేరని కూడ చెప్పలేదు. తెలియదని చెప్పి, తెలిసికొనవలెనని ఎంతగా కోరుచున్నదో చెప్పింది. ఆ కోరికను అవిశ్వాసమని పిలుచుటకు నాకు నోరు రాదు. దానిని సంపూర్ణ విశ్వాసమని పిలిచి ఆమెను సంఘపు జాబితాలో చేర్చుట కూడ కత్తెర పనియే అవుతుంది.

మరణించిన సంవత్సరమునే, హిగ్గిన్‌సన్‌కు వ్రాసిన ఒక ఉత్తరములో ఆమె యాకోబు పోరాటమును తలచుకొన్నది. ఆదికాండము 32:26లో తనను ఆశీర్వదించితేనే గాని విడువనని యాకోబు అంటాడు. ఎమిలీ ఆ మాటను తిరుగవేసి, తానే దూతను ఆశీర్వదించితేనే గాని విడువనని యాకోబు అన్నట్లు వ్రాసింది. అతడు మల్లుడును కవియునని, అతడు చేసినది సరియేయని చెప్పింది. బైబిలును ఆమె ఎంత బాగుగా ఎరుగునో తెలిసినవారు దీనిని పొరపాటు అనుకొనరు. జీవితమంతయు పోరాడిన చేయి చివరకు దీవించుటకు ఎత్తబడినట్లు ఈ మార్పును చదువవచ్చును. పెనూయేలునుండి కుంటుచు వెళ్ళినవాడు ఓడిపోయినవాడు కాడని మనకు తెలుసు.

7. ఒక కాపరి ఉత్తరము

కాలిపోయిన ఉత్తరముల మధ్య ఒక కాపరి ఉత్తరము మిగిలింది. దానిని వ్రాసినవాడు ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియన్ సంఘ కాపరి చార్లెస్ వాడ్స్‌వర్త్. తేదీ లేదు. ఎమిలీ ఇంటిపేరు కూడ తప్పుగా వ్రాయబడింది. ఆమెనుండి అందిన చీటి తనను చాలా కలవరపెట్టినదని, ఆమెకు వచ్చిన శ్రమ ఏమిటో తాను ఊహించుకొనుటయే గాని ఎరుగనని ఆయన వ్రాశాడు. అది ఏదైనను తన సానుభూతియు ఎడతెగని ప్రార్థనలును ఉన్నవని చెప్పాడు. ఆమె దుఃఖములో చొరబడుటకు తనకు హక్కు లేదని, అయినను ఒక్క మాటైనను వ్రాయుమని బ్రతిమాలాడు.

మార్తా చెప్పిన ప్రేమకథకు ఈ ఉత్తరము బలము చేకూర్చదు. పేరు కూడ సరిగా వ్రాయనివానిని ప్రియుడని చెప్పుట కష్టము. కాని కాపరులమైన మనము దీనిని వేరొక కారణముచేత చదువవలెను. ఇందులో ఉపదేశము లేదు, వాక్యభాగము లేదు, గద్దింపు లేదు. తెలియదని ఒప్పుకొనుట ఉన్నది, ప్రార్థన ఉన్నది, అడుగుట ఉన్నది. అడుగునప్పుడు కూడ ఎదుటివారి దుఃఖపు గడపయొద్ద నిలిచే మర్యాద ఉన్నది. 1882లో ఆయన మరణించిన తరువాత ఎమిలీ ఆయన స్నేహితులను వెదకి వారితో ఆయనను గూర్చి ఉత్తరములు నడిపింది. ఏ సంఘములోను చేరని స్త్రీ ఒక కాపరిని అంతగా జ్ఞాపకముంచుకొన్నది. ఆయన ప్రసంగములు ఆనాడు ప్రసిద్ధములు. నేడు వాటిని చదువువారు అరుదు. తొందరలో వ్రాసిన ఈ చిన్న చీటి మాత్రము నిలిచింది.

8. లేఖనముల పెట్టె

దేవుని ప్రజలు కూడ ఉత్తరములను దాచినవారే. పౌలు అంతకుముందు కొరింథీయులకు వ్రాసిన ఒక పత్రిక (1 కొరింథీయులకు 5:9), లవొదికయ నుండి తెప్పించుకొని చదువుమనిన పత్రిక (కొలొస్సయులకు 4:16) మనకు నిలువలేదు. త్రోయలో విడిచిన అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని పౌలు తిమోతిని అడిగిన మాట నిలిచింది (2 తిమోతికి 4:13). మరణము ఎదుట నిలిచిన అపొస్తలుడు చలికి అంగీని, చదువుటకు కాగితములను కోరుటను సంఘము చిన్న విషయమని తీసివేయలేదు.

అంతకంటె గొప్ప సంగతి ఏమనగా, పెట్టెలోనివి ఇబ్బంది కలిగించినప్పుడు కూడ లేఖన సంప్రదాయము కత్తెర పట్టలేదు. పౌలు బర్నబాల మధ్య వచ్చిన తీవ్రమైన వాదము అట్లే ఉన్నది (అపొస్తలుల కార్యములు 15:39). పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించుట ఉన్నది (గలతీయులకు 2:11). దేవుడు తనను మోసపుచ్చెనని యిర్మీయా చేసిన ఫిర్యాదు ఉన్నది (యిర్మీయా 20:7). చీకటితోనే ముగిసి, వెలుగునకు తిరుగని 88వ కీర్తన ఉన్నది. దాని చివర ఒక స్తుతి వచనము చేర్చుట ఏ లేఖకునికైనను సులభమే. ఎవరూ చేర్చలేదు. ఇశ్రాయేలు తన దుఃఖితుని మాటను దిద్దకుండ ఆరాధనలో ఉంచుకొన్నది. కనుకనే చీకటిలో ఉన్న విశ్వాసికి మనము ఇయ్యదగిన కీర్తన ఒకటి మన చేతిలో ఉన్నది.

ముగింపు

మన సంఘములలో జ్ఞాపకార్థ కూటములు జరుగుచున్నవి, జ్ఞాపక సంచికలు అచ్చగుచున్నవి. పాటలు వ్రాసిన తాతగారు, సంఘమును స్థాపించిన నాయనమ్మ, ఎక్కడో దూరదేశమునుండి ఉత్తరములు వ్రాసిన అన్న, వీరి కాగితములు ట్రంకుపెట్టెలలోను, కుటుంబ బైబిలు చివరి పుటలలోను ఉన్నవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను నేటికీ పాడుచున్నాము. ప్రతి ప్రాంతములోను పేరు తెలియని పాటల రచయితలు ఎందరో ఉన్నారు. పాటను సంఘము దాచుకొన్నది. పాట వెనుకనున్న ప్రశ్నను, కన్నీటిని, కలహమును దాచుకొన్నదా?

ఆ పెట్టెను తెరిచినప్పుడు కుటుంబము తరచుగా కాపరిని పిలుస్తుంది. సంచికకు ముందుమాట వ్రాయుమంటారు. ఆ సమయములో, ఈ ఉత్తరములో తాతగారు దేవునిమీద కోపపడ్డారు, దీనిని తీసివేద్దామా అని ఒకరు అడుగుతారు. విడిపోయిన కోడలి పేరు ఎందుకు అని మరొకరు అంటారు. బ్రతికియున్నవారి గౌరవము కొరకు కొన్నిటిని మూసియుంచవలసి ఉండవచ్చును. అట్లయితే మూసియున్నామని చెప్పవలెను. మూయుటకూ మార్చుటకూ మధ్యనున్న గీతను దాటకూడదు. నార్‌క్రాస్ సహోదరీలు ఆ గీతకు ఇవతల నిలిచారు. సూసన్ పేరును గీకినవారు దాటారు.

ఆ దాటుటవలన కలిగిన నష్టము సూసన్‌కు మాత్రమే కాదు. ఎమిలీ అత్యంత ప్రేమగా మాట్లాడిన మాటలు ఎవరితో మాట్లాడినదో తెలియక పాఠకులు ఆమెను ప్రేమ ఎరుగని ఏకాకిగా ఊహించారు. చనిపోయినవారిని మెరుగుపరచబోయి మనము వారిని ఒంటరివారిని చేయుదుము. మన ఇండ్లలోని సందేహించిన పెద్దలను నిష్కళంక సాక్ష్యములుగా దిద్దితే, ఈనాడు అదే ఇంటిలో సందేహించుచున్న మనుమడు తనవంటివాడు ఈ వంశములో ఎవడూ లేడనుకొంటాడు. తాతగారి ఉత్తరములో ఉన్న కోపపు పంక్తి అతనికి అందవలసిన ఆదరణ. దానిని తీసివేయు హక్కు మనకు లేదు.